మందు పెట్టే చెయ్యి

రాత్రి పదకొండు దాటింది.
చీమకుర్తి వైపు నుంచి రాతిదిమ్మెల లారీ
కర్నూలు రోడ్డు మీదుగా ఒంగోల్లోకి దిగుతుంటే
ఐసీయూ అద్దాలు సన్నగా వణికాయి.
మూడో మంచం మీద యలమంద
దగ్గును పళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

పొద్దున ఆయన పక్కటెముకల్ని ఎడం చేసి
ఊపిరితిత్తికి చుట్టుకున్న తోలులాంటి పొరని
సర్జన్ నాలుగు గంటలు ఒలిచాడు.
ఇరవై రెండేళ్ల క్వారీ దుమ్ము కంటికి కనపడలేదు,
వేలికి మాత్రం ఇసక తగిలినట్టుందన్నాడు.

ఇప్పుడు దగ్గాలి.
దగ్గకపోతే కఫం లోపలే నిలిచిపోతుంది.
దగ్గితే కోసినచోట మళ్లీ కోత.
మార్ఫిన్ పెంచితే
నిద్రలో ఊపిరి తీయడం మర్చిపోతాడు.
మిగిలింది వీపు.

"తలగడ వాటేసుకో, నడుం గుండ్రంగా వంచు."
సిస్టర్ కెజియా భుజాలు పట్టుకుంది.
మస్తానమ్మ తలుపు దగ్గరే నిలబడి
కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

చల్లటి జెల్లీ. ప్రోబ్ జరుపుతుంటే
తెర మీద నలుపు, నలుపులో మెరిసే చుక్కలు.
ఆయన మెడ తిప్పి చూశాడు.
"మా గెలాక్సీ రాయే గదమ్మా! ఏ క్వారీది?"
కెజియా నవ్వింది.
నేను నవ్వలేదు, సూది అప్పటికే చర్మం దాటింది.

ట్రపీజియస్. కింద రాంబాయిడ్.
ఆ కింద, మనిషిని నిటారుగా నిలబెట్టే కండ.
పొర దాటినప్పుడల్లా వేళ్లకి చిన్న టక్కు.
ఆయన వీపుతోనే విన్నాడు కాబోలు:
"పొర మారితే చేతికి తెలిసిద్ది గదా.
డ్రిల్లు రాడ్డూ అంతే.
మెత్తబడ్డ చోట గుండె జారినట్టు జారిద్ది."

మొన ఎముకని తాకింది. ఐదో వెన్నుపూస రెక్క.
ఆగాను. ఈ పనిలో సగం ఆగడమే.

"ఇప్పుడు మందు పెడతారా?"
"పెడతాను."
"మేమూ బెజ్జం చేసి మందే పెడతాం.
మా మందుకి కొండ ఊడొచ్చిద్ది. మీ మందుకి?"

చాపకింద నీరు అంటారే, అదే.
నీరు పారింది, చాప లేచింది.
కండ ఎముకని వదిలి మెల్లగా పైకి తేలింది.
ఆ సందులో మందు ఎగువకీ దిగువకీ పాకుతూ
ఒక్కో నరం దగ్గరా ఒకే మాట చెప్పింది:
కాసేపు పలక్కు.

సన్నటి ట్యూబు లోపలే వదిలి, టేపు అంటించి
కాసేపటికి ఐసుముక్క పెట్టి చూశాను.
"చల్లగా ఉందా?" "లేదు."
జానెడు కింద. "లేదు."
బొడ్డుకి కాస్త పైన. "ఆఁ, ఇక్కడ జివ్వుమంది."

అప్పుడు దగ్గాడు.
తలగడని రొమ్ముకి అదుముకుని, పెద్ద దగ్గు.
డ్రెయిన్ సీసాలో నీళ్లు బుడబుడమన్నాయి.
మస్తానమ్మ పరుగున వచ్చి సగంలో ఆగిపోయింది.
అంత దగ్గి కూడా మొగుడు 'అమ్మా' అనలేదు.

"భుజం మాత్రం గుంజుతానే ఉంది."
అది మెడ నుంచి దిగే నరం, నా సూదికి అందదు.
తప్పు ఒప్పుకున్నట్టే చెప్పాను.
ఆయన భుజాన్ని ఒకసారి నిమురుకున్నాడు.
"జాక్‌హామర్ మోసిన భుజంలేమ్మా,
అది మీ లెక్కలోది కాదు."

రెండింటికి పంపు నింపడానికి వెళ్తే
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
కుట్లకి నాలుగు వేళ్ల కింద
మస్తానమ్మ చెయ్యి
ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది.
రోడ్డు మీద ఇంకో లారీ.