పుట అడుగున చిన్నక్షరాలు

ఆయన రాసిందంతా నేను తలకిందులుగా చదివాను.
సీసపు అక్షరాలు అలాగే కనపడతాయి,
నీళ్లలో ఊరిలా.
ఫెటర్ లేన్‌లో గ్యాసుదీపం బుసకొట్టే మేడగదిలో
ఇరవై ఆరేళ్లపాటు
హెసకయ్య ట్రెగార్థెన్ గారి వాక్యాలని
అక్షరం అక్షరం ఏరి పేర్చినవాణ్ణి.
న్యాయం నాకు తెలీదు.
దాని బరువు తెలుసు, నడుముకి.

ఆయన బారిస్టరే. కోర్టులో గొంతు పెగలదు.
ఒకసారి జడ్జి ముందు లేచి
"మై లార్డ్" అని
అక్కడే ఆగిపోయాడట.
మిగతా వాక్యం
బతుకంతా కాగితం మీద పూర్తిచేస్తూ కూచున్నాడు.

గోడల మీద ఒక పుస్తకం. తూముల మీద ఒకటి.
పక్కవాడి కొమ్మ మన దొడ్లోకి వంగితే
పండెవరిదో, రాలినాకు ఎవరూడ్వాలో
నూట నలభై పుటలు.
అన్నిటికన్నా లావుది వెలుతురు మీద:
ఇరవై ఏళ్లు ఒక కిటికీలోకి వెలుతురొస్తే
అదిక ఆ కిటికీదే,
ఎదుటివాడు గోడ లేపి ఆపడానికి లేదు.
ఇంత మాటకి ఆరు కూర్పులు.
పుట పుట అడుగునా చీమలబారు,
అయితే, కానీ, ఒకవేళ.

ప్రూఫులు తెచ్చేది ఆయన చెల్లెలు కెరెన్.
తడి గొడుగు గుమ్మంలో వదిలి
నా సిరాచేతులకేసి చూసి తల పంకించేది.
పుస్తకం చివరి పదాల పట్టిక ఆమె కట్టిందే.
ముందుమాటలో ఆమె పేరు ఎక్కడా లేదు.
"పొగగొట్టం: పొగ చూడు.
పొగ: ఇబ్బంది చూడు.
ఇబ్బంది: పొరుగువాడు చూడు."
పేరుస్తూ నేను నవ్వితే
ఎందుకో అడక్కుండానే ఆమే నవ్వింది.

ఏడో కూర్పు ఆలస్యమైంది.
కాంబర్‌వెల్‌లో వాళ్లింటి ఎదుట
బిస్కట్ల ఫ్యాక్టరీ లేచింది, నాలుగంతస్తుల ఇటుక.
ఆయన బల్ల మీద పగలు రెండింటికే కొవ్వొత్తి.
దిద్దుబాట్లలో చేతిరాత
వారం వారం పెద్దదవుతూ వచ్చింది,
చివరికి పసిపిల్లాడి పలక.

"దావా వెయ్యొచ్చుగా" అన్నాను.
"ఇల్లు కట్టి పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు" అంది కెరెన్.
పంతొమ్మిది నిండి ఒక్కరోజు గడిచున్నా
ఏదో దారి దొరికేదట.
ఆ దారి నాకు తెలుసు:
రెండొందల పన్నెండో పుట, అడుగున,
ఆయనే రాశాడు, నేనే పేర్చాను.

దాని కిందే ఈసారి మూడు వరసలు కొత్తగా చేర్చాడు.
ఒక ఇంటి విషయం రచయిత ఎరుగుననీ,
గడువు నిండలేదనీ,
గోడ కట్టినవాడిది తప్పేమీ లేదనీ.
ఎవరిల్లో రాయలేదు.
అచ్చులో ఒక్క కామా ఒణికినా బాగుండును.

ఎనిమిదో కూర్పు ఇంకెవరో దిద్దారు.
మూడు వరసలూ తీసేశారు, అనవసరమని.
అచ్చయిపోయాక అక్షరాలు గూళ్లలోకి పంచెయ్యాలి.
ఆయన వాక్యాల్లోని సీసమే మర్నాడు
సబ్బు ప్రకటనైంది.
ఒక్క మాట మాత్రం పంచలేదు,
వెలుతురు, ఐదు ముక్కలు,
కోటు జేబులో వేసుకున్నాను.

మొన్నటితో ఇరవై ఏళ్లు దాటింది.
ఇప్పుడవి నావేనా అని కెరెన్‌నడిగాను.
ముసలి వేలితో పట్టికంతా వెతికింది,
కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
"దొంగతనం" అంది,
"ఈ పుస్తకంలో లేదు."