పద్నాలుగో కాలమ్

వెంకన్న క్యాలెండరు తగిలించిన మేకు పీకి
అక్కడ పెద్ద తెర బిగించారు.
ఉప్పుగాలికి గోడ పొడిపొడిగా రాలుతుంటే
నాలుగు చోట్ల బెజ్జం వేసి ఐదోచోట నిలబెట్టారు.
ఆకివీడు రొయ్యల కంపెనీకి
ఆ రోజే కళ్లొచ్చాయన్నారు.

హైదరాబాదు నుంచొచ్చిన నిఖిలేష్ గారు
బూట్లు గుమ్మంలో విప్పాలో వద్దో తేల్చుకోలేక
ఒకటి విప్పి, ఒకటి ఉంచుకుని,
"అంకె అబద్ధమాడదండి" అన్నారు.
రెండు రోజుల ట్రైనింగు, పూటకో తాపేశ్వరం కాజా.
ఏసోబు కాజా తిని, పాకం చెయ్యి తుడుచుకుని,
"అంకె ఆడదండి, రాసేవోడు ఆడతాడు" అన్నాడు.
అందరం నవ్వాం.
మినిట్స్‌లో అది రాయలేదు.

ఏసోబుది చెరువు గట్టుమీద పాతికేళ్ల కొలువు.
చెక్ ట్రే ఎత్తి, మిగిలిన మేత వేళ్ల మధ్య నలిపి,
వాసన చూసి చెప్తాడు:
"తెల్లారుజామున నీళ్లలో గాలి తగ్గుద్ది,
ఏరేటర్లు ఆపకండి."
ఆ ముక్కుకి మా ఫారంలో గడి లేదు.

మొదటి నెల తెరంతా ఎరుపు.
ఎరుపు వస్తే భీమవరం ఆఫీసు నుంచి ఫోను.
రెండో నెలకి కుర్రాళ్లు నేర్చుకున్నారు.
ఆక్సిజన్ ఎంతున్నా ఐదు పాయింటు రెండు.
వానలో ఐదు పాయింటు రెండు,
కరెంటు పోయిన రాత్రి ఐదు పాయింటు రెండు,
రొయ్యలు తేలి, కొంగలు దిగిన పొద్దున్న కూడా
ఐదు పాయింటు రెండే.
తెర ఊడ్చిన నెలకి చేనులా పచ్చబడింది.
భద్రరాజు గారు స్వీట్లు పంచారు.
నేనూ తిన్నాను. ఎంట్రీ చేసే చెయ్యి నాదే.

పద్నాలుగో కాలమ్ ఎవరూ అడగలేదు.
వాయుగుండం పట్టి లారీలు రాని సాయంత్రం
ఊరికే కూర్చోలేక వేశాను.
గట్టుమీద ఏసోబు తీసిన కౌంటు ఒకటి,
ప్లాంటులో తీసిన కౌంటు ఒకటి,
మధ్య తేడా.
గట్టు దగ్గర యాభై ఉన్న సరుకు
పన్నెండు కిలోమీటర్లు వచ్చేసరికి యాభైమూడు.
రొయ్య దారిలో చిక్కిపోతుంది కాబోలు అనుకున్నాను.
ఏడు నెలలు, రెండు వేల నూట పద్దెనిమిది లాట్లు,
ఒక్కటంటే ఒక్కటి లావెక్కలేదు.
ఉప్పుటేరు కూడా పోటుకి
కాసేపు వెనక్కి పారుతుంది.
ఈ అంకె ఎప్పుడూ ఒకవైపే.

రివ్యూలో తెరమీద పెట్టాను.
ఏసీ చప్పుడు మొదటిసారి వినిపించింది.
"నిజమా?" అని ఎవరూ అనలేదు.
"ఈ కాలమ్ ఎవరడిగారు?" అన్నారు.
నిఖిలేష్ గారు ఫోనులో ఏదో వెతుక్కున్నారు.
చివరికి రాజుగారే, మెత్తగా, ఇంట్లో పిల్లతో మాట్లాడినట్టు,
"కొట్టెయ్యక్కర్లేదమ్మా. దాచు."

దాచడం రెండు నొక్కుల పని.
కుచ్చిళ్లలో చిరుగు మడిచినట్టు
అక్కడ గీత కాస్త మందంగా కనిపిస్తుంది, అంతే.
రోజూ అందరూ వెళ్లాక తెరుస్తాను.
ఆ రోజు తేడా నింపి మళ్లీ దాస్తాను.
దీన్ని ధైర్యం అంటారో పిరికితనం అంటారో
లెక్కగట్టే ఫార్ములా ట్రైనింగులో చెప్పలేదు.

మొన్న మావుళ్ళు వచ్చాడు, బిల్లు నలిపి పట్టుకుని.
లుంగీ అంచున చెరువు బురద ఇంకా ఆరలేదు.
"ఇంత పెద్ద టీవీ పెట్టారు గదండీ,
మా సంగతేమన్నా కనపడుద్దా అందులో?"
నా కంప్యూటరు అతనివైపు తిప్పాను.
"బాబాయ్, ఎమ్ తర్వాత ఏమొస్తుంది?"
అయిదు చదివాడు. పైకి చూసి, గొణుక్కుని,
"ఎన్ గదా?" అన్నాడు.
తర్వాత పై వరుస చూశాడు.
ఎమ్. ఓ.
బిల్లు బల్లమీద పెట్టి చేత్తో సాపు చేసి
మళ్లీ ఏ దగ్గర్నుంచి
పెదాలు కదుపుతూ
చదవడం మొదలుపెట్టాడు.