అరవై ఎనిమిది సెంటీమీటర్లు

రెండు భవనాలకూ మొదటి అంతస్తు ఉంది.
రెండూ ఒకే ఎత్తులో లేవు.

రాయపురంలో కంటాసుపత్రి పాతది,
సున్నపు గోడలు, ఏనుగు పట్టేంత తలుపులు.
ఎదురుగా గ్రంథాలయం నిరుడు లేచింది,
బడ్జెట్ చూసుకుని పైకప్పులు కిందికి దించుకుంది.
మధ్యలో రోడ్డు,
హార్బరు లారీలు, చేపల బుట్టల ఆటోలు.
టేపు పట్టి కొలిస్తే తేడా
అరవై ఎనిమిది సెంటీమీటర్లు.

"నాలుగు మెట్లు వేసెయ్" అన్నాడు కాంట్రాక్టరు.
కంటికి పట్టీ ఉన్నవాడికి
మెట్టంటే ఏమిటో ఆయనకెవరు చెప్పాలి?
ఇరవై ఎనిమిది మీటర్ల పొడవునా
ఆ తేడాను పంచేశాను,
బంతి చివర మిగిలిన గరిటెడు నెయ్యిని
ఎవరికీ తక్కువైందని తెలియకుండా వడ్డించినట్టు.

ఆర్కిటెక్టు అద్దం అడిగాడు.
బొమ్మలో అద్దం బాగుంటుంది, నిజమే.
నిన్న శుక్లం తీసిన కన్ను
మే నెల మద్రాసు ఎండకు ఏమైపోవాలి?
రెండు మీటింగుల్లో పోట్లాడి
చిల్లుల రేకు తెచ్చుకున్నాను.
ఇప్పుడు వెలుగు
జల్లెడ పట్టిన పిండిలా రాలుతుంది.

కింది చేతికడ్డీ అడుగున
వాలు మొదలయ్యే చోటా, ముగిసే చోటా
మూడేసి బొడిపెలు.
ఎందుకని అడిగాడు వెల్డరు ఏకాంబరం.
కళ్ళు మూసుకుని నడువు, అన్నాను.
నడిచాడు.
నాలుగోది తనే వేశాడు.
నేను డ్రాయింగు దిద్దుకున్నాను.

గోడకూ వంతెనకూ నడుమ
నలభై మిల్లీమీటర్ల ఖాళీ.
ఎండకు ఉక్కు సాగుతుంది, చోటివ్వాలి.
ఖాళీ మీద ఒక పలక.
చక్రం ఎక్కితే టక్కుమంటుంది.
ఆ చప్పుడు ఆపడం నాకు చేతకాలేదు,
రాసుకోండి.

తెరిచిన మూడో వారం
సంచి భుజాన తగిలించుకుని
ఎవరో మనిషిలా నడిచాను.
ముందు ఆయా తులశమ్మ చక్రాల కుర్చీ తోస్తోంది.
అందులో రెండు కళ్ళకూ పట్టీతో
ఒక పాత ప్రూఫ్ రీడరు,
చదివి వినిపించే గదికి.

"పోయేటప్పుడు బండి దానంతటదే పోతాది మేడమ్,
వచ్చేటప్పుడే ఈయన బరువెక్కతాడు.
విన్నదంతా అంత బరువుంటాదా?"

నవ్వి ఊరుకున్నాను.
పెద్దాయన వేళ్ళు
కడ్డీ అడుగున మెల్లగా జరిగి, ఆగి,
అచ్చుతప్పు వెతికినట్టు
వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి
"నాలుగు" అన్నాడు.

టక్.