ఛాతీ ఎత్తున

చిలుకూరు అడవిలో
తాడు కట్టిన చదరం లోపల
నేను టేపు చుట్టి అంకె చెబుతాను,
నుస్రత్ రాసుకుంటుంది.

పొద్దున నీలగిరి వరసలు గంటలో అయిపోయాయి.
అన్నీ ఒకే ఈడు, ఒకే ఎత్తు,
కింద గడ్డి కూడా లేదు.

ఇక్కడ తునికి కింద పాలకొడిసె,
దాని చంకలో సీతాఫలం,
ఎండ వెతుక్కుంటూ వంకరపోయిన రేల.
అడుగేస్తే
ఏళ్లనాటి ఆకుల్లోకి మడమ దిగింది.

"ఇది రాయాలా?"
టేపుకందని జానెడు మొలకను చూపింది.
ఫారంలో దానికి గడి లేదు.

ఔటర్ మీంచి లారీల పొగ
ఇటే వచ్చింది.
ఇందులో ఎంత కర్రవుతుందో, ఎంత మన్నవుతుందో
రాత్రికి లెక్క కట్టాలి.

కాగితం విప్పితే
అంచున పెన్సిల్‌తో:
మోదుగ. మూడాకులు.