నూట ఎనభై ఆరు

జూన్ నెల సోహార్‌లో
స్వెటర్ వేసుకునేది నేనొక్కణ్ణే.
సర్వర్ గదిలో పదహారు డిగ్రీలు.
బయట అర్ధరాత్రి కూడా గోడ ముట్టుకుంటే
పెనం ముట్టుకున్నట్టే.

గురువారం. ఆఫీసులన్నీ ఇళ్లకు పోయాయి.
కుర్చీలు ఖాళీ అయ్యాక కంప్యూటర్లు నావి.
ఒక్కదాని దగ్గరికీ నడవక్కర్లేదు.
ఇక్కడ ఒక మీట నొక్కితే
పోర్టు గేటులో, సిమెంటు గోడౌన్‌లో, అకౌంట్స్‌లో
ఎవరూ లేని గదుల్లో తెరలు వాటంతటవే వెలిగి
పాతది దించుకుని కొత్తది ఎత్తుకుంటాయి.

నాకు మనుషులు తెలియరు, మిషన్లు తెలుసు.
పోర్టు-9లో ఎప్పుడూ చోటు చాలదు:
ఎవరి పాపవో ఫొటోలు, పద్నాలుగు వేలు.
అకౌంట్స్-3 రెండుసార్లు అడిగితేగానీ పలకదు.

ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ.
ఒకటిన్నరకి నూట ఎనభై ఐదు.
క్యాంపు-4, టైమాఫీసు: జవాబు లేదు.
మళ్లీ పిలిచాను. లేదు.

ఫోన్ చేస్తే వాచ్‌మన్ ఓదేలు ఎత్తాడు.
"అదా సారూ, దాని ప్లగ్గుల కుక్కర్ వెట్టిన.
రెండో షిఫ్టోళ్లు ఇప్పుడే బస్సు దిగిండ్రు."
తీసి కంప్యూటర్ పెట్టు ఓదేలూ, ఇరవై నిమిషాలు.
కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఒక మూత చప్పుడు.
"వెట్టిన. ఎసరు ఇప్పుడిప్పుడే మసులుతుండె."

ముప్పై శాతం. నలభై.
ఓదేలు ఫోన్ పెట్టేయలేదు.
"గింత రాత్రి ఏమెక్కుతుంది సారూ దీంట్ల?"
హాజరీది, అన్నాను. ఇక కార్డుండదు, వేలు పెడితే చాలు.
నిమిషం ఆలస్యమైనా కోత అదే వేస్తుంది:
ఈ ముక్క చెప్పలేదు.
"ఏ వేలు?"
ఏదైనా.
"అన్నీ సిమెంటు తిన్నది గద సారూ.
పన్నెండేండ్లు బస్తాలు మోసిన.
పోయినేడు బతాక కాడ మిషిన్ నన్ను గుర్తువట్టలే.
నాలుగు దినాలు తిరిగిన."

అరవై. డెబ్బై.
ఆపు అనే మీట కూడా ఉంది, ఎర్రగా,
చూపుడువేలికి జానెడు దూరంలో.
ఎనభై.

వంద.
"అయిందా సారూ?"
అయింది.
"మరి కుక్కర్ వెట్టుకోనా?"
పెట్టుకో.
తెర మీద క్యాంపు-4 ఆరిపోయింది.
రిపోర్టులో రాశాను: నూట ఎనభై ఆరు, అన్నీ సఫలం.

బయటికొస్తే సముద్రపు ఉక్క.
కళ్లద్దాలకు ఆవిరి పట్టి దారి కనపడలేదు.
బొటనవేలితో తుడిచాను.
అద్దం మీద నా వేలిగీతలు పడ్డాయి,
ఒక్కటీ చెరక్కుండా.