మోచెయ్యి

శ్రుతి తప్పలేదు, కాలు తప్పింది.
మూడో చరణంలో, పొడుగు స్వరం కొసన
ఇద్వల్ పక్కకి ఒరిగాడు
మంద్రం పాడే వరసలోంచి,
కప్పు మీంచి పలక జారినట్టు.
ఎల్వెడ్ మోచెయ్యి అడ్డం పెట్టాడు.
పాట ఆగలేదు. బ్లైనైలో పాట దేనికీ ఆగదు.

ఇంటికొచ్చి మోకాలిని తిట్టాడు.
బూటుని తిట్టాడు. చాపెల్ నేలని,
దాన్ని పరిచిన తాతల్ని తిట్టాడు.
నేనేం అనలేదు.
నలభై ఒక్క ఏళ్ళుగా ఆ మనిషి పక్కన నడుస్తున్నాను.
ఎత్తెక్కుతూ మాట్లాడడం ఎప్పుడు మానేశాడో నాకు తెలుసు:
మొన్నటి చలికాలం, పోస్టాఫీసు వాలు దగ్గర,
వాక్యం సగంలో.

ఆ తర్వాత అన్నీ చిన్న చిన్నవే.
పై అరలో కెటిల్ అందుకునే ముందు ఊపిరి బిగబట్టడం.
మేజోళ్ళు మంచం మీద కూచునే తొడుక్కోవడం.
వంటింటి బల్లకి రెండరచేతులూ ఆన్చి
యుద్ధపటం చూసే సేనాపతిలా వంగి నిలబడడం,
బల్ల మీదేమో వెన్నగిన్నె తప్ప ఏమీ లేదు.
భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి.
ఇరవై ఆరేళ్ళు పలకరాతి ధూళి తిన్న ఛాతీ
గాలిని పైపైనే చేదుకుంటోంది, అడుగు అందక.

ఫిజియో అమ్మాయి లౌరి
వేళ్ళు చల్లగా ఉన్నాయని ముందే క్షమాపణ చెప్పి
పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది.
"ఇక్కడ గొడుగులాంటి కండరం ఒకటుంది.
దానికి రెండు ఉద్యోగాలు.
గాలి లాగాలి. వెన్నుకి లోపల్నుంచి దన్నుగా నిలవాలి.
సత్తువ తగ్గితే రెండూ చెయ్యలేదు.
ప్రాణం ముందు గనక గాలినే ఎంచుకుంటుంది.
మిమ్మల్ని నిలబెట్టే పని వదిలేస్తుంది."

ఇద్వల్ చాలాసేపు కిటికీకేసి చూశాడు.
వాళ్ళ నాన్న తొడకి గొలుసు చుట్టుకుని
గనిగోడకి వేలాడుతూ రెండు చేతులా పనిచేసినవాడు.
"అయితే నేను పడలేదన్నమాట," అన్నాడు,
"లోపల ఎవరో తీర్పు చెప్పారు."

ఇప్పుడు పొద్దునా సాయంత్రం ముప్పై సార్లు
స్ప్రింగున్న ప్లాస్టిక్ గొట్టంలోంచి గాలి లాగుతాడు,
చేదుమందు తాగే పిల్లాడి మొహం పెట్టి.
తర్వాత దిండు మీద, పాదాలు దగ్గరగా, కళ్ళు మూసుకుని.
నేను సింకు అంచు పట్టుకుని లెక్కపెడతాను.
మొదట్లో నాలుగు.
సోమవారం పదకొండు.
నిన్న తొమ్మిదే.

గురువారం సాధనకి కుర్చీ వేస్తామన్నారు.
"కూచుని పాడేది రేడియో," అన్నాడు.
ఎల్వెడ్ ఫోన్ చేశాడు, ఏ పక్క నిలబడమంటావని.
ఎడమ, అన్నాడు ఇద్వల్.
ఫోన్ పెట్టేసి, ఊపిరి అందేదాకా ఆగి,
"కుడిపక్క నువ్వు రా," అన్నాడు నాతో.

అది మగవాళ్ళ బృందం. ఆ మంద్రం నా గొంతుకి రాదు.
మోచెయ్యి ఉంది.