అద్దం పక్క అర

నెలాఖరున మా మెడికల్ షాపులో
పోయినవాటి లెక్క నేను చూస్తాను.
స్టూలెక్కి, ఒక్కో డబ్బా వెనక్కి తిప్పి,
ఉప్పుగాలికి మసకైన అచ్చుని గోటితో తుడిచి
తేదీ చదువుతాను.
దగ్గు మందులు, కంటి చుక్కలు,
ఎవరూ అడగని విటమిన్లు,
గడువు దాటినవన్నీ అరటిపళ్ల అట్టపెట్టెలోకి.
డాబాగార్డెన్స్ ఏజెన్సీ వాడు మాత్రలు వెనక్కి తీసుకుంటాడు,
క్రీములనగానే మొహం చాటేస్తాడు.

ఈసారి పెట్టె పైన పదకొండు సన్‌స్క్రీన్ ట్యూబులు.
పోయిన వేసవి కోసం తెప్పించాం,
పోయిన వేసవేమో మబ్బుల్లోనే పోయింది.

"తీసీస్తన్నావేటి?" అంది సన్యాసమ్మ.
మద్దిలపాలెం జంక్షన్లో హోంగార్డు.
ఓఆర్ఎస్ ప్యాకెట్ కోసం వచ్చి
కౌంటర్ మీద తెల్ల గ్లవుజులు విప్పింది.
మణికట్టు దగ్గర గీత గీసినట్టుంది,
గీతకి కింద ఒక మనిషి
గీతకి పైన ఇంకో మనిషి.

"సగం ధరకి నాకిచ్చీ బాబూ,
నెల్లాళ్లే కదా దాటింది.
ఎండకి ఎక్స్‌పైరీ ఉందేటి?
రోజూ వస్తాది, కొత్తదే వస్తాది."

నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.
ఒక ట్యూబు మూత తీసి నా చేతిమీద నొక్కాను.
ముందు నీళ్లొచ్చాయి,
వెనక పలుకులు పలుకులుగా
నిమ్మరసం పడ్డ పాలలాంటిది.
"ఇది కాల్చదమ్మా, మహా అయితే దురద పెడుతుంది.
కాల్చినా బాగుండును, కడిగేసుకుందువు.
రాసుకున్నానన్న ధైర్యంతో
గంట నిలబడేదానివి నాలుగ్గంటలు నిలబడతావు,
అదీ దీంతో చిక్కు."

ఆవిడ ట్యూబుని చెవి దగ్గర పెట్టి
కొబ్బరికాయలా ఊపి చూసింది.
"నాలుగ్గంటలు నిలబడ్డం దీన్ని నమ్మి కాదు,
డ్యూటీ చార్టులో రాసీసినారు" అంది.
తర్వాత ఏదో గుర్తొచ్చి,
"నా బండి డిక్కీలో ఒకటుంది,
దానికింకా ఏడాది టైముంది. అది మంచిదేనా?"

డిక్కీలో. ఏప్రిల్ నుంచి.
ఉడికిన క్రీముకి అచ్చేసిన తేదీతో ఏం పని?
చల్లగా నీడన ఉంచితేనే తేదీ అని
కంపెనీ వాడు చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తాడు.
ఆ మాట చెబుతూనే
నా కళ్లు పక్కకి పోయాయి.

అద్దం పక్క అర.
ఏడాదిన్నర గడువున్న ట్యూబులు
బంగారు రంగు మూతలతో వరసగా.
మూడింటికి ఎండ రోడ్డు దాటి, మెట్లెక్కి,
అద్దంలోంచి దూరి
ఒక్కోదాన్నీ పట్టి పట్టి చూస్తుంది
ఏదీ కొనకుండా, దీపాలు పెట్టేదాకా.
నీలం పెట్టెలు తెల్లబోయాయి.
వాటినే నాలుగువందల నలభై తొమ్మిదికి
బిల్లేసి, బ్యాచ్ నంబరు వేసి అమ్ముతాను,
రూపాయి చిల్లర కూడా ఎగ్గొట్టను.

ఆవిడకి ఇది చెప్పలేదు.
వెనక గదిలోకి పోయి, ఫ్రిజ్ పక్కన
సీలు విప్పని కార్టన్ చింపి కొత్తది తెచ్చాను,
స్టాఫ్ డిస్కౌంట్ నా పేరు మీద రాసుకున్నాను.
టోపీ లోపలి నుంచి ఆవిడ తీసిన నోట్లు
చెమటకి గుడ్డపీలికల్లా మెత్తగా ఉన్నాయి.
"దీన్ని మాత్రం డిక్కీలో పెట్టకు."
"మరెక్కడ పెట్టమంటావు?
జంక్షన్లో నాకే నీడ లేదు
దీనికెక్కడ తేను?"

మూడింటికి ఓనరు గారు భోంచేసి వచ్చారు.
అద్దం అర ఖాళీ చేద్దామన్నాను.
"ఖాళీ అర చూసి లోపలికెవడొస్తాడోయ్" అన్నారు.
ఆయనకీ అద్దె కట్టాలి.
ఆయన అటు తిరగ్గానే
ఆ వరసలోంచి ఒకదాని మూత తీసి వాసన చూశాను.
బాగానే ఉంది.
బాగుందో లేదో ముక్కుకేం తెలుసు?

అద్దం అవతల విజిల్ వినబడింది.
తెల్ల గ్లవుజు పైకి లేచింది.
హనుమంతవాక నుంచి వచ్చే బస్సులన్నీ ఆగాయి,
ఆటోలు, ఇసుక లారీ, అన్నీ.
ఎండ ఒక్కటే ఆగకుండా
రోడ్డు దాటి
మా మెట్లెక్కుతోంది.